కోర్టు లేచేదాకా

నర్సంపేట కోర్టుల నా పని పిలుసుడు.
పేరు మూడుసార్లు, వరండా చివరికి వినబడేటట్టు.
ఇరవై రెండేండ్లు పిలిచి పిలిచి
ఇంట్ల అన్నం పెట్టుమన్నా
మూడుసార్లు అంటున్ననని నా భార్య నవ్వుతది.

ఆ దినం మొగులు పట్టి ఉన్నది.
"రేగుల కొమురమ్మ" అని మొదటిసారి అన్ననో లేదో
"ఉన్న బిడ్డా" అన్నది.
కోర్టుల అట్ల పలకద్దని చెప్పేలోపే
చెప్పులిడిచి లోపలికి పోయింది,
బురదల దిగేటప్పుడు ఇడిచినట్టు.

నేరం: ఎర్రమడుగు చెరువుల, జోరువానలప్పుడు,
మత్తడి కాడ
లైసెన్సు లేకుండ ఇసురువల ఏసుడు.
చేప గుడ్లు పెట్టే కాలం, పట్టద్దని దండోరా ఏసిన్రు.
ఫిర్యాదు చేసింది సొసైటీ అధ్యక్షుడు,
వరుసకు ఆమె మరిదే.
పంచనామాల రాసి ఉన్నది:
వల ఒకటి, సీసం గుండ్లు అరవై నాలుగు,
లారీ ట్యూబు ఒకటి, అతుకులు మూడు,
కొర్రమట్టలు రెండు,
జెల్లలు, పరకలు కలిపి నాలుగు కిలోలు.
చేపలు చెడిపోయే సొత్తు గనుక
ఠాణా గేటు కాడనే వేలం.
మూడొందల అరవై రూపాయలు సర్కారు ఖాతాల పడ్డయి.
ఎవరు వండుకున్నరో పంచనామాల రాయలే.

"లైసెన్సు ఉన్నదా?" మేడం అడిగింది.
కొత్తగొచ్చిన మేడం, గొంతు చిన్నది, రాత చిన్నది.
కొమురమ్మ కొంగుముడి ఇప్పి
ప్లాస్టిక్ కవర్ల పెట్టిన కార్డు తీసింది.
ఫొటోల మీసాల మనిషి.
"ఇది మీ పేరు కాదు గద."
"మా సమ్మయ్యది. మొన్న మాఘంల పోయిండు.
వల ఉన్నది, చెరువున్నది, కార్డున్నది,
మనిషొక్కడే లేడు మేడం."

వకీలు లేడు. తప్పు ఒప్పుకుంటవా అంటే
"చేపలు పట్టిన. తప్పు సంగతి మీరే చెప్పాలె" అన్నది.
మేడం పెన్ను మూతతోని బల్లమీద కొంచెంసేపు కొట్టింది.
ఐదొందలు జుర్మానా. వల జప్తు.
కోర్టు లేచేదాకా కూసునే శిక్ష.

మూలకు బెంచి, పైన ఫ్యాను, పొద్దుమీకేదాకా.
నేనే చూపెట్టిన కూసోమని.
"ఏం జెయ్యాలె?"
"ఏం జెయ్యద్దు. కూసోవాలె."
"కూసోని?"
"కూసోవాలె, గంతే."
చేతులేడ పెట్టుకోవాల్నో తెలువలే ఆమెకు.
కొంగు అంచుకు దారాలు ఊడి ఉన్నయి.
ఒకదాన్నొకటి ముడేసుడు మొదలుపెట్టింది,
కన్ను, ముడి, కన్ను, ముడి.

చెక్కు బౌన్సు కేసు నడిచింది. ఒడ్డు పంచాయితీ నడిచింది.
ఇడాకులోళ్ళు వాయిదా తీసుకొని
ఒకటే ఆటోల పోయిన్రు.
మూడు గంటలకు ఆమె నిద్రపోయింది,
తల గోడకానిచ్చి, నోరు కొంచెం తెరిచి.
లేపబోతే మేడం వద్దన్నట్టు చెయ్యూపింది.
భూమి కేసుల అరుస్తున్న పెద్ద వకీలుతోని
"కొంచెం మెల్లగ" అన్నది.
రికార్డుల ఆ మాట లేదు.

ఐదింటికి కోర్టు లేచింది. అందరం లేచినం.
ఆమె లేవలే.
పిలిచిన, ఈసారి ఒక్కసారే.
దిగ్గున లేచి, కొంగు సవరించుకొని
"వాన పడ్డదా?" అన్నది.

సొత్తు గది తలుపేయబోతుంటే ఎన్కనే నిలబడ్డది.
లోపల వల, దానికి కట్టిన అట్టముక్క, మీద నంబరు.
ఒక కన్నుల ఎండిన పరక, లెక్కలకు రానిది.
"గుండ్లన్న ఇయ్యరాదు?
ఆ సీసం నేనే కరగబెట్టిన, మా పొయ్యిమీద."
ఇయ్యరాదని చెప్పిన.
సరే అన్నది, కోపం లేకుండ.

మెట్లు దిగి, జుర్మానా రశీదు
సమ్మయ్య కార్డున్న కవర్లనే మడిచి పెట్టింది.
"దీనిమీద నా పేరే ఉన్నది గద?"
"ఉన్నది."
"ముద్ర గూడున్నది."
"అది లైసెన్సు కాదమ్మా, శిక్ష కాయిదం."
"ఎర్కే" అన్నది, కవరు కొంగున ముడేసుకుంట,
"చెరువుకు సంబంధించి
నా పేరుతోని ఉన్న కాయిదం ఇదొక్కటే."

వాన మొదలైంది. ఆమె బస్సు ఆరింటికి.
ఎక్కిందో లేదో చూడలే,
లోపల ఇంకా మూడు కిటికీలు ఏసేటియి ఉండె.